రావడానికొక గడియారం

వేలు పడలేదు.

జిగురక్క వేలిని ఏప్రన్‌కి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. గోడకున్న హాజరు మిషన్ కీచుమని ఎర్రగా మెరిసింది. ఈసారి నోటితో వేడిగాలి ఊది పెట్టింది. అయినా లాభం లేదు. అట్టపెట్టెలు మడిచేవాళ్ళ చేతులకు వేలిముద్రలు నిలవవు. అట్ట అంచు రోజూ కాస్త చొప్పున వాటిని గీకి తినేస్తుంది. మిగిలినదాని మీద జిగురు పొర కడుతుంది. జిగురు మిషన్ దగ్గరే పని కాబట్టి ఆమె పేరు కూడా అలాగే స్థిరపడిపోయింది.

చివరికి మిషన్ కరుణించింది. కరుణించి, ఆమె నంబరు పక్కన ‘ఆలస్యం’ అని చూపించింది.

"మళ్ళీ లేటే," అన్నాడు సూపర్‌వైజరు గేటు పక్క కుర్చీలోంచి లేవకుండా.

"లేటెక్కడ సార్? నా ఫోన్ చూడండి. ఇంకా టైమే కాలేదు."

"నీ ఫోన్ టైం నీ ఇంట్లో. ఇక్కడ మిషన్ టైమే టైం."

"మా పిల్లదాని బడి గేటు తియ్యాలి కద సార్. తీసీ తియ్యగానే దాన్ని లోపలికి తోసి పరిగెత్తుకొస్తున్నా. ఇంకా ముందు రావాలంటే దాన్ని రోడ్డు మీద వదిలేసి రావాలి."

"అయితే వదలకు. ఇంట్లోనే ఉండి చక్కగా చూసుకో. పెద్దసారు చెప్పారుగా, ఈ నెల కూడా ఇలాగే ఉంటే పై నెల నుంచి రానక్కర్లేదని."

ఆమె ఇంకేదో అనబోయింది. వెనకాల నుంచి ఓ ముసలి చెయ్యి ఆమె భుజం పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆ చెయ్యి పిన్నుల పెద్దమ్మది. పెట్టె అంచులకు ఇనప పిన్నులు కొట్టే మిషన్ మీద కూర్చుని తల నెరిసిపోయిన మనిషి. "పదవే తల్లీ. కంపెనీకి కంపెనీ టైం ఉంటుంది, అత్తారింటికి అత్తారింటి పద్ధతి ఉన్నట్టు. మేమంతా దానికి తగ్గట్టు ముందే వచ్చి చావట్లా?"

ఇదంతా చూస్తూ భుజాన సంచితో ఓ మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పాత కంప్యూటర్లకు ప్రాణం పొయ్యడం అతని వృత్తి. పెద్దసారు సరదాగా ‘డబ్బా డాక్టరు’ అంటాడు. ఆ పిలుపు అతనికి నచ్చదు. కానీ పెద్దసారు పెట్టిన పేరు కాబట్టి కంపెనీ అంతా అదే పిలుస్తుంది. మెట్ల కింద గదిలో ఉన్న పాత సర్వర్‌ని కొత్త మిషన్లోకి మార్చే పని అతనికి అప్పగించారు.

అతను అలవాటుగా తన ఫోన్ వంక చూశాడు. ఆ తర్వాత గోడ మీది మిషన్ వంక చూశాడు.

జిగురక్క చెప్పిందే నిజం.

*

మెట్ల కింద గదిలో ఊపిరాడదు. సగం గది అట్ట షీట్ల కట్టలు. మిగిలిన సగంలో, చెక్కబల్ల మీద, పాత సర్వర్ ఉబ్బసం మనిషిలా గురగురమంటోంది. మూత మీద వేలితో గీస్తే గీత పడేంత అట్టపొడి. దాన్ని ఆపి ఏళ్ళయింది. ఆపితే డిస్కు మళ్ళీ తిరుగుతుందో లేదోనని భయం. కరెంటు పోయినా దాన్ని మాత్రం బ్యాటరీ మీద నిలబెట్టారు. కంపెనీ లెక్కలు, ఆర్డర్లు, హాజరు అన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి మరి.

మానిటర్ అంచుకి ఓ కాగితం అతికించి ఉంది. అంతకు ముందు పనిచేసిన టెక్నీషియన్ ఎవరిదో చేతిరాత: ‘టైం ముట్టుకోవద్దు.’

అతనికి నవ్వొచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేర్‌కి గడియారం వెనక్కి తిప్పితే గిట్టదు. రాబోయే నిమిషంలో రాసిన బిల్లు ఇప్పుడే కనపడేసరికి దెయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోతుంది. ఎవరో ఒకసారి టైం సరిచెయ్యబోయి, లెక్కలు ఆగిపోయి, చివాట్లు తిని, ఈ కాగితం అంటించి చేతులు దులుపుకున్నారన్నమాట. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. గడియారం మాత్రం ఊరుకోలేదు. ముసలితనంలో కొందరికి కాళ్ళు ఆగవు చూడండి, అలా రోజుకు కాస్త చొప్పున ముందుకు పరిగెడుతూ లోకాన్ని పావుగంట వెనక వదిలేసింది.

గేటు దగ్గరి హాజరు మిషన్‌కి టైం చెప్పేది ఈ సర్వరే.

ఇంతలో పైన గంట మోగింది. మధ్యాహ్నం విరామం గంట. అతను ఫోన్ చూశాడు. గంట సరిగ్గా లోకం టైంకే మోగింది. అతను మెట్లెక్కి వెళ్ళి పెద్దసారు గది తలుపు సందులోంచి చూశాడు. గోడకి ఓ గుండ్రటి గడియారం. దాని కిందే గంట మీట. సాయంత్రం ఇంటికి వదిలే గంట కూడా ఆ గడియారాన్ని చూసే కొడతారు.

పొద్దున మెట్ల కింది గడియారం. సాయంత్రం గోడ మీది గడియారం. ఆ రెంటికీ మధ్యన పావుగంట, రోజూ, అందరిదీ.

*

"సార్, మీ సర్వర్ గడియారం పావుగంట ముందుంది."

"ముందుండడం మంచిదేగా డాక్టరూ!" పెద్దసారు తన జోకుకి తనే నవ్వాడు.

"హాజరు మిషన్ దాని మాటే వింటుంది సార్. మనుషులు టైంకొచ్చినా లేటని పడుతోంది. ఇళ్ళకి వదిలేది మాత్రం మీ గోడ గడియారం చూసి. రావడానికొక గడియారం, పోవడానికొక గడియారం అయింది."

పెద్దసారు నవ్వు పెదవుల మీద సగంలో ఆగింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. మెత్తటి మనిషి. ఎవరి మీదా గొంతెత్తడు. ఎత్తాల్సి వస్తే సూపర్‌వైజర్ని పంపిస్తాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చెప్పలేం సార్. కొంచెం కొంచెంగా పేరుకుంది."

"అయ్యో! తెలియకుండానే పాపం మూటగట్టుకుంటున్నామన్నమాట." ఆయన నిజంగానే బాధపడ్డట్టు కనిపించాడు. కణతలు రుద్దుకున్నాడు. "సరే, కొత్త మిషన్లో సరిచేసెయ్. కానీ కింద ఎవరితోనూ అనకు. ఒకళ్ళకి తెలిస్తే పదిమంది పోగవుతారు. పాతవన్నీ తవ్వుతారు. మనకెందుకా రొద? చప్పుడు కాకుండా సర్దేస్తే అందరికీ మంచిదేగా."

"జిగురు దగ్గర పనిచేసే ఆవిణ్ణి పై నెల నుంచి రావద్దన్నారట సార్..."

"కొత్త మిషన్లో లేటే పడకపోతే ఇంక మాన్పించడమెందుకయ్యా? దానంతటదే పోతుంది." ఆయన అతని భుజం తట్టాడు. "మంచి పని చేశావు. నీలాంటివాడు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

మెట్లు దిగుతుంటే అతనికి ఛాతీ కాస్త వెడల్పయినట్టనిపించింది. కింద జిగురక్క వంచిన తల ఎత్తకుండా పని చేస్తోంది. షీటు లాగడం, అంచుకి జిగురు పట్టించడం, మడవడం, అరచేత్తో అదమడం, పక్కకు తొయ్యడం. మళ్ళీ షీటు. అతను ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు. చెప్పాలని నాలుక దాకా వచ్చింది. మాట ఇచ్చాడు కదా అని మింగేశాడు. ఎలాగూ నాలుగు రోజుల్లో సరైపోయేదానికి ఇప్పుడే చాటింపెందుకు?

ఇంట్లో ఈ సంగతి కాస్త గర్వంగానే చెప్పాడు. అతని భార్య ఆసుపత్రిలో నర్సు. మర్నాటి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ వింది. విన్నాక అడిగింది.

"ఎవరి ముందు చెప్పావు?"

"ఆయన గదిలోనే."

"తలుపు తీసుందా, మూసుందా?"

"మూశాడు. అయితే ఏంటి?"

"మూసిన తలుపు వెనకాల చెప్పింది ఆయనకి పనికొస్తుంది, వాళ్ళకి కాదు." ఆమె కాలరు తిప్పి ఇస్త్రీపెట్టె అదిమింది. "ఆ జిగురు దగ్గరి అమ్మాయికి ఒక్కముక్క చెప్పి ఉంటే, రేపు నిలబడి అడగడానికి దాని చేతిలో ఏదో ఒకటి ఉండేది."

"నీకు ప్రతిచోటా పామే కనపడుతుంది."

"రోజూ పుట్టలో చెయ్యి పెట్టి బతికేదాన్ని. పాము కాక పావురం కనపడుతుందా?"

అతను కోపంగా పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందంటే, ఆ మాట ఎక్కడో తగిలిందన్నమాట.

*

సెలవు రోజున కంపెనీ ఖాళీగా ఉంది. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. మెట్ల కింద గదిలో అతనూ, పెద్దసారు బావమరిదీ మాత్రమే ఉన్నారు. బావమరిదికి కంపెనీలో ఫలానా పని అంటూ లేదు. అన్ని గదుల్లోకీ వెళ్ళే హక్కు మాత్రం ఉంది. ఇవాళ ఎందుకో కుర్చీ లాక్కుని శ్రద్ధగా పక్కనే కూర్చున్నాడు.

"అన్నా, అసలేం చేస్తున్నావో నాక్కూడా చెప్పు. రేపు నువ్వు లేకపోతే నేను చూసుకోవాలిగా."

"పరకాయ ప్రవేశం," అన్నాడతను. "పాతదాని పొట్టలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు తీసి కొత్తదాంట్లో పెడతాం. ఇనుము మారుతుంది, ప్రాణం అదే. తను చచ్చిపోయిన సంగతి పాతదానికే తెలియదు. కొత్త మిషన్లో రెండు వాటాలు చేస్తున్నా. ఒక వాటాలో లెక్కలు, ఒక వాటాలో హాజరు. ఇంటి యజమాని ఒకడే, కాపురాలు వేరు. ఒకరింట్లో గొడవైతే రెండోవాళ్ళకి నిద్ర చెడదు."

కాపీ మొదలైంది. స్క్రీన్ మీద గీత నత్తలా జరుగుతోంది. సగం దాటాక పాత డిస్కు గరగరమని అరిచింది. గీత ఆగిపోయింది. అతను టేబుల్ ఫ్యాన్ తెచ్చి డిస్కు మీదకి తిప్పి, ఆగినచోట నుంచి మళ్ళీ చదివించాడు. గరగర. మౌనం. మళ్ళీ గరగర. బావమరిది గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఎంతసేపటికో గీత మళ్ళీ కదిలింది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

కాపీ పూర్తయ్యాక అతను పాత సర్వర్ని ఆపేశాడు. ఏళ్ళ తరబడి ఆ గురగురకి అలవాటుపడ్డ గదికి ఒక్కసారిగా చెవుడు వచ్చినట్టయింది.

"ఇప్పుడు కొత్తది ఆన్ చేద్దామా?"

"పావుగంట ఆగాలి. టీ తాగొద్దాం పద."

"ఎందుకు?"

"పాతది రాసిన చివరి నిమిషం ఇంకా లోకంలోకి రాలేదు. గడియారాన్ని వెనక్కి తిప్పితే లెక్కలు బిగుసుకుపోతాయి. తిప్పడం దేనికి? మనం ఊరికే కూర్చుంటే లోకమే వచ్చి కలుసుకుంటుంది."

ఇన్నేళ్ళలో ఈ కంపెనీలో ఎవరికీ తట్టని మందు అది. ఒక్క సెలవు రోజున పావుగంట పాటు ఆపి ఊరుకోవడం.

టీ తాగి వచ్చి కొత్త మిషన్‌కి ప్రాణం పోశారు. లెక్కలు లేచాయి. హాజరు లేచింది. గేటు దగ్గరి మిషన్ టైం సర్దుకుంది. అతనికి హుషారొచ్చింది. హుషారొచ్చినవాడికి నోరు ఆగదు. బావమరిదికి ఒక్కొక్క పేజీ తెరిచి చూపించాడు. ఇది సెలవుల పేజీ, ఇది షిఫ్టు పేజీ, ఇది అనుమతుల పేజీ.

"పాతదాంట్లో ఈ షిఫ్టు పేజీ తెరిస్తే మొత్తం ఆగిపోయేదన్నా. ఒకసారి బావ తెరిపిస్తే రెండు రోజుల హాజరు ఎగిరిపోయింది. అప్పట్నుంచీ ఎవరం దాని జోలికి పోలేదు."

"ఇందులో ఆ భయం లేదు. ఏం మార్చాలన్నా ముందు ఇక్కడ నొక్కి స్నాప్‌షాట్ తీసుకో. ఈ క్షణంలో మిషన్ ఎలా ఉందో ఫొటో తీసి దాచినట్టు. ఆ తర్వాత ఏదైనా చెడితే, ఆ ఫొటో దగ్గరికి వెనక్కి వచ్చేస్తుంది."

"అంటే ఏ తప్పు చేసినా చెయ్యనట్టే?"

"చెయ్యనట్టే," అన్నాడతను.

*

మర్నాడు పొద్దున అతను గేటు దగ్గర కావాలనే నిలబడ్డాడు.

ఆడవాళ్ళంతా అలవాటు కొద్దీ కంపెనీ టైంకే వచ్చేశారు. వేళ్ళు పెట్టబోతే మిషన్ ఇంకా సమయం కాలేదంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. పిన్నుల పెద్దమ్మ ఫోన్ తీసి చూసి, మిషన్ చూసి, మళ్ళీ ఫోన్ చూసింది.

"ఓసినీ! మిషన్‌కి బుద్ధొచ్చిందే!"

చేతిలో పావుగంట మిగిలింది. దాన్నేం చేసుకోవాలో కాసేపు ఎవరికీ తెలియలేదు. తర్వాత ఒకరొకరే గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. ఒకామె జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. ఒకామె చెప్పు తీసి మడమ నొక్కుకుంది. పెద్దమ్మ ఎవరి మొగుణ్ణో అనుకరించి చూపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు. ఆ గేటు దగ్గర నవ్వు వినడం అతనికి అదే మొదటిసారి.

జిగురక్క రొప్పుతూ, అలవాటైన భయంతో పరిగెత్తుకొచ్చింది. వేలు పెట్టింది, తుడిచింది, ఊదింది, మళ్ళీ పెట్టింది. మిషన్ ఆకుపచ్చగా వెలిగింది. ఆమె నమ్మలేదు. సూపర్‌వైజరు వంక చూసింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వేనా అన్నా బాగుచేసింది?" అంది డబ్బా డాక్టరు దగ్గరికొచ్చి. "మా పిల్లదానికి చెప్తా. ఇవాళ గేటు దగ్గర దాన్ని ముద్దు కూడా పెట్టుకోకుండా తోసేసి వచ్చా. రేపు పెట్టుకుంటా."

పై అంతస్తు కిటికీ దగ్గర పెద్దసారు నిలబడి ఉన్నాడు. అరుగు వంక చూస్తూ చేతిలో కప్పు మర్చిపోయాడు. అతను పైకి చూసి చెయ్యి ఊపాడు. పెద్దసారు కూడా ఊపాడు.

అది మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది.

మూడోరోజు మధ్యాహ్నం పెద్దసారు కబురు పెట్టాడు. గదిలో బావమరిది కూడా ఉన్నాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

"కొత్త మిషన్ బ్రహ్మాండంగా ఉంది డాక్టరూ. చిన్న మార్పొకటి. షిఫ్టు మొదలయ్యేది పావుగంట ముందుకి జరుపు."

అతనికి మాట అర్థమైంది. మనిషే అర్థం కాలేదు. "ఎందుకు సార్?"

"పొద్దున చూస్తున్నాగా. అందరూ ఆ టైంకే వచ్చి అరుగు మీద కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎలాగూ వస్తున్నారు కదా, ఆ వచ్చేదేదో పనిలోకే రమ్మందాం. ఇన్నేళ్ళూ అలాగే వచ్చారు, ఎవరికీ కష్టం కలగలేదు."

"కష్టమని ఎవరికి చెప్పుకుంటారు సార్? మరి సాయంత్రం గంట?"

"దానిదేముంది, దాని టైంకి అది మోగుతుంది. పాత పద్ధతే. కొత్తగా నేనేం చెయ్యట్లేదే!" పెద్దసారు గొంతులో ఇంతైనా కరుకుదనం లేదు. "నిజానికి నువ్వు చెప్పినప్పుడు నాకు భయమేసింది తెలుసా, ఎవరికో అన్యాయం చేస్తున్నామేమోనని. ఇప్పుడు ఆర్డరేసి, గోడకి నోటీసంటించి, అందరికీ చెప్పి మరీ చేస్తున్నా. ఇంక తప్పేముంది?"

మొన్నటిదాకా అది మిషన్ చేసిన తప్పు. ఇవాళ్టి నుంచి రూలు.

"ఆ జిగురు దగ్గర ఆవిడకి ఆ టైంకి రావడం కుదరదు సార్. బడి గేటు తియ్యందే..."

"ఒక్కరి కోసం కంపెనీ నడుస్తుందా?"

"నేను మార్చను సార్." మాట అనుకున్నంత గట్టిగా రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "నేను మార్చను."

పెద్దసారు కోప్పడలేదు. జాలిగా చూశాడు. "నీకెందుకులే శ్రమ," అని బావమరిది వైపు తలాడించాడు.

బావమరిది ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. నేర్పినవాణ్ణి పక్కనే పెట్టుకుని పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, పైకి చెప్పుకుంటూ చేశాడు. "ముందు స్నాప్‌షాట్. ఆఁ, అయింది. ఇప్పుడు షిఫ్టు పేజీ. ఇక్కడ టైం. సేవ్." తలెత్తి సంతోషంగా నవ్వాడు. "అన్నా, కరెక్టేనా?"

పాత మిషన్లో అయితే ఆ పేజీ తెరవడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

"కరెక్టే," అన్నాడతను.

*

సాయంత్రం గంట మోగింది. వేళ్ళు పెట్టి బయటికొచ్చిన ఆడవాళ్ళు గోడ మీది నోటీసు దగ్గర గుంపయ్యారు. ఒకామె చదివింది. పిన్నుల పెద్దమ్మ, "అనుకున్నా. మనం నవ్వితే వీళ్ళకి వినపడుతుంది," అని నడుం పట్టుకుని మెట్టు దిగింది.

అతను వాళ్ళకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. పాత గడియారం సంగతి, రెండు గడియారాల సంగతి, ఇన్నేళ్ళ పావుగంట సంగతి, మూసిన తలుపు సంగతి. గబగబా, తడబడుతూ, ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. చెబుతుంటే అతనికే తెలిసిపోతోంది, ఈ మాటలకి ఇప్పుడు బరువు లేదని. నోటీసు అప్పటికే గోడకెక్కింది.

"ముందే తెలుసా నీకు?" అంది పెద్దమ్మ.

"తెలుసు."

"ఆయనకి చెప్పావు."

"చెప్పాను."

"మాకెందుకు చెప్పలా నాయనా? మేమేం కరుస్తామా?"

పెద్దమ్మ జవాబు కోసం ఆగలేదు. మిగతావాళ్ళు ఆమె వెనకే కదిలారు. జిగురక్క ఒక్కతే ఆగింది. గోరుతో అరచేతి మీది ఎండిన జిగురు పెచ్చులు ఊడదీస్తూ నిలబడింది.

"అన్నా, ఆ పాతది మళ్ళీ పెట్టలేవా?"

"పాతదాంట్లో నీకు రోజూ లేటే పడేది కదమ్మా."

"పడేది. దానికి మతి లేదనుకుని సరిపెట్టుకునేదాన్ని. సూపర్‌వైజరుతో పోట్లాడేదాన్ని. ఇది అన్నీ తెలిసి చేస్తోంది. దీనితో ఏమని పోట్లాడాలి?"

"రేపు పెద్దసారుతో నేను మళ్ళీ..."

"వద్దులే అన్నా," అంది వెంటనే. కోపంగా కాదు. ఎదుటివాడి చేతిలోంచి పడబోతున్న వస్తువు అందుకున్నట్టు అంది. "నువ్వు ఇంకేం చెప్పకు."

జిగురు పెచ్చు చివరిది ఊడొచ్చింది. దాన్ని నలిపి కింద పడేసింది.

"రేపట్నుంచి మా పిల్లదాన్ని బడి గేటు బయట నిలబెట్టేసి వస్తా. తీసేదాకా ఒక్కతే నిలబడుతుంది. మొదట్లో ఏడుస్తుంది." సంచి భుజాన సర్దుకుంది. "పావుగంటేగా. మాకు అలవాటవలా? దానికీ అవుతుంది."